తలుపు మాట

దొంగలు ఎవరి గొంతైనా మొహమైనా అచ్చు గుద్దినట్టు తెచ్చిపెట్టుకోవడం మొదలయ్యాక ప్రతి ఇంటికీ ఒక తలుపు మాట వచ్చింది. అది చెప్పందే సొంతవాళ్లకైనా ఎవరూ తలుపు తియ్యరు. కొండమీద కాఫీ తోటలో ఒంటరిగా ఉండే హైమవతి అయితే మరీనూ.

మధ్యాహ్నం వానలో, పొయ్యిమీద పప్పు ఉడుకుతుండగా, గుమ్మం బయట చూపించే గోడమీది తెరలో చెల్లెలు సునంద కనబడింది. నిలువునా తడిసిపోయి ఉంది.

"అక్కా, నేనే. తలుపు తియ్యి."

"మాట చెప్పు."

"గోరుమిటీలు. అమ్మ పెట్టిన మాటేగా."

"అది పాతది," అంది హైమవతి.

పాత మాట తెలిసిన దొంగంటే ఇంకా భయం. కత్తిపీట దగ్గరికి లాక్కుని గడియ వంకే చూస్తూ కూర్చుంది. బయట తలుపు దబదబా బాదుతున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ సంవత్సరీకంలో చెల్లెలితో పోట్లాడి వచ్చిన రోజే, ఆ కోపంలో తనే మాట మార్చేసింది. సునందకి చెప్పలేదు. కావాలనే చెప్పలేదు.

అయినా లేవలేదు. దొంగేలే అనుకుంది. అలా అనుకోవడమే తేలిగ్గా ఉంది.

చప్పుడు ఆగిన చాలాసేపటికి తలుపు తీస్తే గుమ్మంలో ఒక స్టీలు డబ్బా ఉంది. మూత తీసింది. బెల్లం పాకం పట్టిన గోరుమిటీలు, అచ్చం అమ్మ చేసినట్టే.

వెంటనే ఫోన్ చేసింది.

"సునందా, నేనే, అక్కని. ఎక్కడిదాకా వెళ్లావే?"

అవతల వాన చప్పుడు. అందులోంచి చెల్లెలి గొంతు.

"మాట చెప్పండి."

"గోరుమిటీలు."

"అది పాతదండీ," అని సునంద ఫోన్ పెట్టేసింది.