కాగితంలో లేని సుగరు

రాజావారు ఆ ఉదయం ఆరోసారి మంచమెక్కి గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

నలభై ఏళ్లు నాటకాల్లో కిరీటం పెట్టుకున్న మనిషి కాబట్టి అందరికీ ఆయన రాజావారే. నాటకాలు చూసేవాళ్లు కరువయ్యాక రోగి వేషానికి దిగారు. మెడికల్ కాలేజీలో పరీక్షలప్పుడు ఆయన్ని పిలిచి, నటించాల్సిన రోగం రాసిన కాగితం చేతికిస్తారు. ఈసారి కాగితంలో ఉన్నది గుండెలో పూడుకుపోయిన రక్తనాళాలు, బైపాస్ ఆపరేషన్. అందులో ఉన్న ప్రమాదాలేమిటో విద్యార్థి వచ్చి ఆ రోగికి అర్థమయ్యేలా చెప్పాలి. మూల కుర్చీలో ప్రొఫెసరు మార్కులు వేస్తారు. పది మార్కులు మాత్రం రోగి చేతిలో ఉంటాయి.

ముందొచ్చిన ఐదుగురూ ఒకే పాట పాడారు. "ఏం ఫర్వాలేదు తాతగారూ, చిటికెలో అయిపోతుంది" అని ఒకడు నిలబడే భుజం తట్టాడు. ఇంకొకడు అంకెలు గడగడా అప్పజెప్పి, వాచీ చూసుకుని వెళ్లిపోయాడు. వైద్యం చేసే చేతులకి కుర్చీ లాక్కోవడం మాత్రం రాదు.

ఆరో అమ్మాయికి ఈ పరీక్ష మూడోసారి. ఇదీ పోతే చదువు మానేసి ఇంటికే. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"ఆపరేషన్ గురించి ఇదివరకు ఎవరైనా చెప్పారాండీ?"

"చెప్పారమ్మా. గుమ్మంలో నిలబడి రెండు ముక్కలు చెప్పారు."

ఆమె కాగితం మీద గుండె బొమ్మ గీసింది. కాలిలోంచి రక్తనాళం తీసి ఎక్కడ కుడతారో చూపించింది. "వందమందిలో ఇద్దరు తిరిగి లేవరండీ. ఇంకొకరిద్దరికి పక్షవాతం రావచ్చు" అంది.

"నాకు పన్నెండేళ్లుగా సుగరుందమ్మా. కిడ్నీలూ అంతంత మాత్రమే."

మూల కుర్చీలో ప్రొఫెసరు తలెత్తారు. అమ్మాయి పెన్ను పక్కన పెట్టింది.

"అయితే మీలాంటివాళ్లలో ఇద్దరు కాదండీ, నలుగురైదుగురు. సరిగ్గా ఎంతో పెద్ద డాక్టరుగారిని అడిగి చెప్తాను."

"చేయించుకోకపోతే?"

"ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు. నడుస్తూ నడుస్తూనే పోవచ్చు. చేయించుకుంటే బతికే అవకాశమే ఎక్కువ. ఇంట్లో ఎవరికి చెప్పారు?"

"మా ఆవిడకింకా చెప్పలేదు. నాకు తుమ్మొస్తేనే కంగారుపడే మనిషి."

"ఇవాళే చెప్పండి. తీసుకురండి, ఆవిడకీ బొమ్మ గీసి చెప్తాను."

రాజావారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో గంట మోగింది. అమ్మాయి లేచి హడావిడిగా బయటికి వెళ్లింది.

ప్రొఫెసరు లేచి వచ్చారు. "ఏమిటండీ ఇది? కాగితంలో లేని సుగరు ఎక్కణ్ణుంచి తెచ్చారు? పాపం, ఆ పిల్ల బెంబేలెత్తిపోయింది. పైగా రోగిని ఏడిపించింది. నా మార్కులతో అయితే పాసవ్వదు."

"వేషంలో కాస్త కొట్టుకుపోయాను సార్, ఏమనుకోకండి" అన్నారు రాజావారు. తన చేతిలో ఉన్న పదికి పదీ ఆ అమ్మాయికి వేసేశారు. "భయం వేసిన మాట నిజమే. కానీ అర్థమయింది."

ఆ పదితో అమ్మాయి అంచు మీద గట్టెక్కింది.

మధ్యాహ్నానికి పరీక్షలు ముగిశాయి. రాజావారు రోగి గౌను విప్పి మడతపెట్టి నర్సుకి అప్పగించారు. చొక్కా తొడుక్కుని, వరండాలో బెంచీ మీద కాసేపు ఊపిరి పీల్చుకుంటూ కూర్చున్నారు.

తర్వాత సంచిలోంచి నాలుగు మడతల ఫారం ఒకటి తీసి, ఎల్లుండి ఉదయం తన గుండెకి జరగాల్సిన ఆపరేషన్‌కి వారం రోజులుగా పెట్టని సంతకం పెట్టి, భార్యకి ఫోన్ చేశారు.