పిడుగును ఆపినవాడు

"ఇంకాస్త నీళ్ళు పొయ్యరా జిగ్మాస్. ఆ సాబులిస్ పేరెత్తితేనే నాకు ఒళ్ళు చల్లబడిపోతుంది," అన్నాడు బ్రోనియస్.

జిగ్మాస్ గరిటెడు నీళ్ళు కాలిన రాళ్ళ మీద పోశాడు. బుస్సుమని ఆవిరి లేచి గదంతా కమ్మేసింది. పై బల్ల మీద, మూలన కూర్చున్న ఎగిడియస్ ఇంకొంచెం వెనక్కి జరిగాడు. బస్సు వేళదాకా ఎలా గడపాలో తెలియక ఊరి స్నానశాలకు వచ్చాడతను. బట్టతల, నెరిసిన గడ్డం, జారిన పొట్ట. శనివారం మధ్యాహ్నం విల్కుపిస్ ఊళ్ళో ఆవిరి పట్టే మగవాళ్ళలో సగం మంది అలాగే ఉంటారు. కింది బల్ల మీది ఇద్దరూ అతన్ని సరిగ్గా చూడనైనా లేదు.

బ్రోనియస్‌ది రొట్టెల దుకాణం. జిగ్మాస్ రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఊరి బాస్కెట్‌బాల్ జట్టంటే ఇద్దరికీ ప్రాణం.

"నాలుగింటి బస్సుకి వెళ్ళిపోతున్నాడట పాపం," అన్నాడు జిగ్మాస్.

"పాపమేంటి? పీడా వదిలింది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ కోచ్‌గా పిలిచి నెత్తిన పెట్టుకుంటే, మన జట్టుని వరసబెట్టి ఓడించాడు."

"కుర్రాళ్ళు దెబ్బలు తగిలి మంచానపడితే ఆయనేం చేస్తాడ్రా? మొన్న హాల్లో జనమంతా 'పిడుగుని మింగినోడా, పో పో' అని అరుస్తుంటే తలొంచుకుని కూర్చున్నాడు. చూడ్డానికే సిగ్గేసింది నాకు."

"నాకెయ్యలేదు. నేనూ అరిచాను."

ఒంటికి ఆవిరి బాగా పట్టాలని బిర్చి చెట్టు కొమ్మల కట్టతో భుజం మీద కొట్టుకుంటున్న ఎగిడియస్ చెయ్యి ఆగిపోయింది.

"అప్పట్లో ఆడిన ఆ ఫైనల్ మర్చిపోయావా?" బ్రోనియస్ గొంతు పెరిగింది. "ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి మనది. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది. అలాంటప్పుడు జట్టులో అందరికంటే గొప్ప ఆటగాణ్ణి, మన పిడుగుని, ఆటలోంచి బయటికి పిలుస్తాడా ఎవడైనా? మీసాలు మొలవని కుర్రాణ్ణి దింపాడు. వాడు విసిరిన బంతి బుట్ట అంచుక్కూడా తగల్లేదు. పిడుగు మనసు విరిగి ఆ వేసవికే జర్మనీ పోయాడు."

"ఎందుకు పిలిచాడో ఆయన చెప్పనేలేదు కదరా. పత్రికలవాళ్ళు ఎంత గుచ్చినా 'నిర్ణయం నాదే' అన్నాడంతే."

"చెప్పడానికేముంది? కుళ్ళు! జనం తనకంటే వాణ్ణి ఎక్కువ నెత్తిన పెట్టుకున్నారని కుళ్ళు. పిడుగు బొమ్మ ఇప్పటికీ నా దుకాణంలో ఉంది. పుల్లలాంటి మనిషి, గాల్లో ఎగిరే జుట్టు. భయమంటే ఏమిటో తెలియని మొనగాడు. పొద్దున్నే ఆ మొహం చూసి పొయ్యి వెలిగిస్తాను."

ఎగిడియస్ ముఖం భగ్గుమంది. అది ఆవిరి వేడి కాదు.

"రేపు హాలు కప్పుకి పిడుగు ఆట చొక్కా గౌరవంగా ఎత్తి కడుతున్నారుగా," అన్నాడు బ్రోనియస్. "పిడుగే స్వయంగా వస్తాడట. సాబులిస్ ఇవాళే పోవడం నయం. లేకపోతే ఏ మొహం పెట్టుకుని నిలబడతాడు?"

"పిడుగే అడిగుంటేనో?"

పై బల్ల నుంచి వచ్చిన ఆ మాటకు ఇద్దరూ తలలెత్తారు. ఆవిరిలో గడ్డం తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏం అడగడం?" అన్నాడు బ్రోనియస్.

"తనని తీసెయ్యమని. కాళ్ళు వణికి, నా వల్ల కాదని కోచ్‌ని బతిమాలుకుని ఉంటే? ఎవరికీ చెప్పొద్దని కూడా అడిగి ఉంటే?"

బ్రోనియస్ పగలబడి నవ్వాడు.

"పిడుగుకి భయమా! ఇది సాబులిస్ అల్లిన కథే అయ్యుంటుంది. ఎవరు చెప్పారు పెద్దాయనా నీకు? ఆయన మనిషివా?"

ఎగిడియస్ నోరు తెరిచాడు. ఒక్క ముక్క చెబితే చాలు. కింద బ్రోనియస్ ముఖం చెమటతో మెరుస్తోంది. ఆ కళ్ళలో కోపం కంటే బెదురే ఎక్కువ కనిపించింది. తన దుకాణంలో బొమ్మని ఎవరో లాక్కుపోతున్నట్టు చూస్తున్నాడు.

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు ఎగిడియస్. "ఊరికే అన్నాను."

"ఇలాంటివి ఊరికే అనకూడదు పెద్దాయనా. ఒకరి పరువు అది."

"అవును. తప్పే."

జిగ్మాస్ మెల్లగా అన్నాడు. "నువ్వన్నదే నిజమైతే మాత్రం, ఇన్నేళ్ళూ నోరు మెదపకుండా తిట్లు తిన్న ఆయన మామూలు మనిషి కాదు."

ఆ మాటతో ఇక అక్కడ కూర్చోలేకపోయాడు ఎగిడియస్. బయటికొచ్చి చన్నీళ్ళ బిందె నెత్తిన గుమ్మరించుకున్నాడు. చలి తెలియలేదు. చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుని, కోటు చేతిలోనే పట్టుకుని వీధిలోకి వచ్చాడు. మంచు పడుతోంది. ఎదురొచ్చినవాళ్ళెవరూ అతన్ని పలకరించలేదు. అందుకు సంతోషించాడు. సంతోషించినందుకు మళ్ళీ సిగ్గుపడ్డాడు.

బస్టాండులో బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. తలుపు మూయబోతున్న డ్రైవరు అతన్ని చూసి ఆగాడు.

"తొందరగా ఎక్కండి, టైమైంది."

ఎగిడియస్ రొప్పుతూ ఎక్కాడు. చివరిదాకా నడిచాడు. ఆఖరి సీటు దగ్గర ఆగాడు. కిటికీ పక్కన, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్న ముసలాయన తలెత్తి, అతన్ని ఎగాదిగా చూశాడు.

"తడి తలతో వచ్చావేంట్రా, పిడుగూ?" అన్నాడు కోచ్ సాబులిస్.