మాట ఉన్నంతసేపూ

ట్రాక్టరు మీంచి పడి తలకి ఆపరేషనైన అంకమ్మను ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్ళు ఆమె చెవి వెనక ఒక బిళ్ళ అంటించారు. ఆపరేషన్ తర్వాత ఏ ఉపద్రవం ఎప్పుడొస్తుందో ఆ బిళ్ళ ముందే చెబుతుంది. అది చెప్పింది తప్పగా ఎవరూ చూడలేదు. ఆదివారం పొద్దున్నే ఆ బిళ్ళ ఆమె మొగుడు సాంబయ్య ఫోనుకి కబురు పంపింది. సాయంత్రానికి మాట పడిపోతుంది, మళ్ళీ రాదు.

"ఆపే మందేమీ లేదా అమ్మా?" అని డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాడు.

"చెప్పడం వరకే మా చేతిలో ఉంది. ఈ పూట తీరిగ్గా మాట్లాడించుకోండి."

అదే కబురు బంధువులందరికీ వెళ్ళింది. ఈ కాలంలో పలకరింపులు కూడా ముందే అయిపోతున్నాయి. బ్రెడ్డు పొట్లాలు పట్టుకుని ఆటోల్లో దిగారు.

"వదినా, ఒక్కసారి నా పేరు పిలువు, రికార్డు చేసుకుంటా," అంది సాంబయ్య చెల్లెలు శేషమ్మ.

"ముందు నీ మొగుడికి మంచినీళ్ళివ్వవే. ఆ ఆయాసం చూస్తే నాకంటే ముందు పోయేట్టున్నాడు."

అందరూ పగలబడి నవ్వారు. సాంబయ్య పొయ్యి దగ్గర్నుంచి విన్నాడు. వీళ్ళు వెళ్ళాక కూర్చుందామనుకున్నాడు. ఇంటికొచ్చినవాళ్ళని పొమ్మనలేక పాలకోసం మళ్ళీ మళ్ళీ పరిగెత్తాడు.

పొద్దు వాలాక చివరి ఆటో కదిలింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పవే."

అంకమ్మ అతని చెయ్యి పట్టుకుంది. పెదాలు కదిలాయి. మాట రాలేదు.

ఆ రోజంతా ఆమె అతనితో అన్నది ఒక్కటే. "వాళ్ళకి ఇంకాస్త టీ పొయ్యవయ్యా."