హార్లన్ కొయ్యచేప

"ఇంకా ఎంతసేపురా హార్లన్? కాళ్ళు ఉన్నాయో ఊడిపోయాయో కూడా తెలియడం లేదు," అన్నాడు డెల్మర్, పడవ వెనక కూర్చుని వణుకుతూ.

పడవ ముందుకొసన నిలబడ్డ హార్లన్ వెనక్కి తిరగలేదు. "సాక్షివి కదా, సాక్షిలా కూర్చో. సాక్షులకి నోరెందుకురా?"

మార్చి మొదటి వారం. అమెరికాలోని ఓజార్క్ కొండల నడుమ సరస్సులో వేలు ముంచితే ఎముక దాకా జివ్వుమంటోంది. ఇంత చలినీళ్ళలో పెద్ద బాస్ చేప రోజుకొక్కసారి నోరు తెరిస్తే గొప్ప. ఆ ఒక్కసారికీ చిన్నాచితకా ఎరలు పనికిరావు. జానెడు పైనే ఉన్న ఎరను నత్తనడకన లాగితే, గుడ్లతో నిండిన ముసలి ఆడచేప ఏ కాస్తో మనసు పడుతుంది. కుర్రకారంతా రబ్బరు చేపలు కొనుక్కుంటారు. హార్లన్ మాత్రం నలభై ఏళ్ళుగా దేవదారు ముక్క తీసుకుని, ఎరచేపను తానే చెక్కి, తానే రంగు వేస్తాడు.

గొడవ పోయినేడాది మొదలైంది. కొయ్యచేపతో పదకొండు పౌండ్ల బాస్‌ని పట్టి, నెల్డా దుకాణానికి ఊరేగింపుగా తెచ్చాడు హార్లన్. కాఫీ తాగుతున్న డజను మంది ముందు డెల్మర్ దాని దవడ పట్టి చూశాడు. "గాలం నోట్లో లేదర్రా! చెంప మీద బయట గుచ్చుకుంది. ఇది తిన్నది కాదు, దారిన పోతూ గీరుకుంది. కట్టెముక్కని చేపెక్కడైనా తింటుందా?"

దుకాణం దద్దరిల్లేలా నవ్వారు. ఆ రోజు నుంచి హార్లన్ ఆ గడప తొక్కలేదు. మాట కాస్త ఎక్కువే అయిందని డెల్మర్‌కీ తెలుసు. కానీ అన్నమాట వెనక్కి తీసుకోవడం వాళ్ళ వంశంలోనే లేదు.

పోయిన వారం హార్లనే డెల్మర్ ఇంటికి వచ్చాడు. "నీ కళ్ళముందే తినిపిస్తాను. తింటే, అదే దుకాణంలో నీ నోటితో ఒప్పుకోవాలి. తినకపోతే నా ఉలి తెచ్చి నీ చేతికిస్తాను. మళ్ళీ చెక్కను."

పొద్దున్న ఎరను ఉన్ని మేజోడులో దాచి తెచ్చాడు. చూపించమంటే, "పెళ్ళికూతుర్ని ముందే చూస్తావా?" అని, వీపు అడ్డుపెట్టి దారానికి కట్టుకున్నాడు. కాఫీ ఆవిరికి మసకబారిన కళ్ళజోడుతో డెల్మర్‌కి ఏమీ కనబడలేదు.

పదకొండింటికి హార్లన్ చేతిలోని గాలపు కర్ర విల్లులా వంగింది.

"తగిలింది! గట్టిగా లాగరా, గాలం దిగాలి!"

హార్లన్ లాగలేదు. దారం బిగబట్టి నిలబడ్డాడంతే.

"లాగు చవటా! చేతులు చచ్చాయా?"

"తిననీరా దాన్ని."

చేప లాగిన వైపుకు పడవ ముక్కు తిరిగింది. పది లెక్కపెట్టేంత సేపు గడిచింది. దారం వదులైంది.

"పోయింది! చేతిదాకా వచ్చినదాన్ని వదిలేశావు కదరా!"

"ఉష్. మళ్ళీ వస్తోంది."

"గాలం రుచి చూసిన చేప మళ్ళీ వస్తుందా? నీకు మతి..."

కర్ర మళ్ళీ వంగింది. ఈసారి విసనకర్రంత తోక నీటిని ఫెడీమని కొట్టి డెల్మర్ మొహమంతా తడిపింది. అంతే, మాయమైంది. హార్లన్ మాత్రం కొడుకు పుట్టినంత సంబరంగా నవ్వుతున్నాడు. ఎరను మేజోడులో దోపి, పడవను ఒడ్డుకు తిప్పాడు.

ఆ మధ్యాహ్నమే, ఏడాది తర్వాత మళ్ళీ నెల్డా దుకాణంలో అడుగుపెట్టాడు హార్లన్, రొమ్ము విరుచుకుని.

"చేప ఏదయ్యా?" అంది నెల్డా.

"ఎక్కడుంది!" అందుకున్నాడు డెల్మర్. "రెండుసార్లు తగిలింది, రెండుసార్లూ పోయింది. నోట్లో దిగిన గాలం ఊడుతుందా? ఇదీ పోయినేటి కథే. ఒంటికి గీరుకుని కాసేపు వేలాడింది. ఉలి తెచ్చి ఇవ్వరా హార్లన్!"

జనం గొల్లున నవ్వారు. హార్లన్ కూడా నవ్వి, మేజోడును బల్ల మీద పెట్టాడు. "తీసి చూడు. చూశాక నీకేమనాలనిపిస్తే అదే అను."

జీవితంలో ఎన్ని గాలాలు గుచ్చుకున్నాయో, డెల్మర్ భయంభయంగా రెండు వేళ్ళతో లాగాడు. కొయ్యచేప ఎక్కడా తట్టుకోకుండా జారి చేతిలో పడింది. రెండు పక్కలా రంగు లేచిపోయి పంటిగాట్లు. వెల్లకిలా తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఆ ఎరకు ఒక్క గాలం కూడా లేదు.