గుండ్రటి దస్తూరి

"ఈ దస్తూరి చూడండి సార్!" భృతి ఇచ్చే ఆఫీసు తరఫున వచ్చిన అధికారి దరఖాస్తును జడ్జిగారి ముందు పెట్టాడు. "ముత్యాలు పేర్చినట్టు లేదూ? ఒక వంకర లేదు, ఒక కొట్టివేత లేదు. కుడిచెయ్యి పనిచెయ్యని మనిషి రాసే రాతేనా ఇది? అందుకే మా పైవాళ్లు వైకల్య భృతి కుదరదన్నారు."

బోనులో ఆమె తల వంచుకుంది. ఇరవై ఏళ్లు అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టిన చెయ్యి అది. కటింగ్ మిషన్ కింద నలిగాక జడ వేసే పని కూడా భర్త మీద పడింది. అందుకే ఆ జడ ఎప్పుడూ ఓ పక్కకి పోతూ ఉంటుంది.

ఈ అప్పీలు పోతే ఇంకో దారి లేదని లాయరమ్మ ముందే చెప్పింది.

"మరి ఇది ఎవరు రాశారమ్మా?" జడ్జిగారు అడిగారు.

"నేను కాదండీ."

"అదే, ఎవరు?"

"చెప్పనండీ."

లాయరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. వెనక బెంచీలోంచి భర్త, "చెప్పెయ్యవే తల్లీ!" అని అందరికీ వినబడేలా గొణిగాడు.

"వేరేవాళ్లు నింపకూడదని ఫారం మీదే ఉందటండీ. నా చెయ్యి చూడలేక రాసిపెట్టారు. పేరు చెప్పి వాళ్లని ఇరికించలేను."

"కట్టుకథ సార్," అన్నాడు అధికారి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ. హాల్లో ఫ్యాన్లు చప్పుడుకే తిరుగుతున్నాయి.

జడ్జిగారు కాగితం, పెన్ను ముందుకు జరిపారు.

"నీ పేరు రాయమ్మా."

పెన్ను వెంటనే జారిపోయింది. ఈసారి ఎడంచేత్తో కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటీ మడిచి పెన్ను చుట్టూ పెట్టుకుంది. మొదటి అక్షరం కాగితం దాటి బల్లమీదికి పోయింది. భర్త మొహం తిప్పేసుకున్నాడు. మూడోసారి పెన్ను దొర్లి జడ్జిగారి కాళ్ల దగ్గర పడింది. ఆయనే వంగి తీసుకున్నారు.

"చాలమ్మా."

తిరస్కరణ చెల్లదన్నారు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచే భృతి ఇవ్వాలన్నారు.

బయట మెట్లమీద భర్తకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "నా ప్రాణం తోడేశావు కదే! ఇప్పుడైనా చెప్పు, ఎవరే ఆ మహానుభావుడు?"

ఫైళ్లు చంకన పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోతున్న మనిషి కనుమరుగయ్యేదాకా ఆగి, ఆమె గొంతు తగ్గించింది.

"ఇందాక జడ్జిగారి ముందు ఆ అక్షరాల్ని అంతలా మెచ్చుకున్నాడే, ఆయనే."