పనికిరాని ముక్క

"ఇంతకీ ఆ ప్రోగ్రాముల లైబ్రరీ మొదట రాసిందెవరండీ?" అన్నాడు సాంబమూర్తి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ.

కరెంటు పోయి ముప్పావు గంటయింది. రోహిణి కార్తె. పటమటలో సాంబమూర్తి కట్టించిన బట్టల షాపు బిల్డింగులో ఇంకా రంగు వాసన పోలేదు. కూర్చోడానికి కుర్చీ కూడా లేదు. ఆ మసక చీకట్లో ముగ్గురూ నిలబడే మాట్లాడుకుంటున్నారు.

"మా ఆఫీసులో హుమాయూన్ అని ఒక మేధావి ఉండేవాడు లెండి," అన్నాడు వేణుగోపాల్, మూతి వంకర తిప్పి.

లిఫ్టును నడిపే పెట్టెలో ఉండేది బొటనవేలి గోరంత చిప్పు. హుమాయూన్ కావలసిన ప్రోగ్రాములూ అక్కరలేనివీ అన్నీ ఒకే మూట కట్టి పోయాడు. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లే రకం. ఆ మూట చిన్న చిప్పులో పట్టదు. అందుకే వేణుగోపాల్ దాన్ని పదకొండు ప్యాకేజీలుగా విడగొట్టించాడు. ఏ పెట్టెకు ఏవి కావాలో అవే ఎక్కించడం. ఈ బిల్డింగుకు ఏడు ఎక్కించి, నాలుగు పక్కన పారేశాడు.

ఇది సాంబమూర్తికి నచ్చితే చాలు. గన్నవరం దాకా అతని బంధువులు కడుతున్న ఇరవై బిల్డింగుల లిఫ్టులూ వేణుగోపాల్‌వే. కానీ పడుగూ పేకా తప్ప ఏమీ ఎరగని మనిషికి ఇదంతా విడమరచి చెప్పాల్సి రావడం అతనికి ఒళ్లుమంటగా ఉంది.

"పారేసినవి ఏవండీ?"

"సంగీతం. తేదీ, టైము. అంతస్తు నంబరు చదివే గొంతు. అంతా చెత్తేనండీ."

"గంట కూడా సార్," అంది ముబీనా. లైబ్రరీని కూర్చుని విడగొట్టింది ఆమే. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు.

వేణుగోపాల్ ఆమెను పురుగును చూసినట్టు చూశాడు.

"నిన్నెవరన్నా అడిగారా అమ్మాయ్?"

"ఆ ప్యాకేజీ తియ్యొద్దని అప్పుడే కాగితం మీద రాసిచ్చాను సార్."

"రాసిచ్చిందట! సాంబమూర్తి గారూ, పిండి కొద్దీ రొట్టె. ఎవరన్నా ఇరుక్కుంటే నోరు లేదూ, అరవరూ? బెజవాడోళ్ల గొంతులకి మళ్లీ గంటొకటా? పైగా కింద వాచ్‌మన్ ఉండనే ఉంటాడు."

అప్పటికే అతని గొంతు బొంగురుపోయింది. నడుముకున్న పేజరు సవరించుకున్నాడు.

"మా వెంకటప్పయ్య కరెంటు పోతే కిళ్లీకొట్టు దగ్గరికి పోతాడండీ," అన్నాడు సాంబమూర్తి నెమ్మదిగా. "మళ్లీ కరెంటొస్తేనే రావడం. ఈ వీధిలో వాచ్‌మన్లందరూ అంతే."

"అయితే అది వాచ్‌మన్ తప్పండీ. ప్రోగ్రాం తప్పెలా అవుద్ది?"

ముబీనా చున్నీ కొంగుతో విసురుకుంటూ తల తిప్పుకుంది. ఈ మందమతులతో వేగడం తన ఖర్మ అనుకున్నాడు వేణుగోపాల్.



సాంబమూర్తి చేతిరుమాలు జేబులో పెట్టుకుని, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయిన ఆ లిఫ్టులో, గంట బొమ్మ ఉన్న ఎర్ర బొత్తాన్ని మరోసారి నొక్కి చూశాడు.