పాత నొప్పి

"సూది ఒక్కరికే వేయగలను," అంది మత్తు డాక్టర్ హేమావతి, ఫోన్ జేబులో వేసుకుంటూ.

పక్కపక్క మంచాల మీద ఇద్దరు. ఇద్దరికీ ఆ ఉదయమే నడుం ఆపరేషన్.

వెన్ను పక్క నరాలకు ఆ మత్తు సూది పడితే, ఆపరేషన్ తర్వాత ఒక రోజు దాకా నొప్పి అంతగా తెలియదు. అనంతపురంలోని ఆ ఆసుపత్రిలో అది వేయడం వచ్చినది ఆమె ఒక్కరికే. కదిరిలో కాన్పు కేసు కష్టమైందని కబురు. ఆమె కోసం కింద కారు ఆగి ఉంది.

"లిస్టులో ముందు తిమ్మన్న."

గంగాధర్ శెట్టికి చెమట పట్టింది. కళ్యాణదుర్గంలో వేరుశనగ వ్యాపారి ఆయన. శెట్టి బస్తా కుట్టిస్తే దబ్బనం దూరదని పేరు. హమాలీ కూలి బస్తాకింత కాబట్టి, ఒక్కోదాంట్లో పది కిలోలు ఎక్కువే కూరిస్తాడు. నొప్పిని మాత్రం రవ్వంత కూడా మోయలేడు.

"ఎంతయినా ఇస్తా మేడమ్. నాకే వేయండి."

"ఇది వేలంపాట కాదు శెట్టిగారూ."

పక్క మంచం మనిషి గోడవైపు తిరిగి పడుకునే అన్నాడు.

"ఆయప్పకే వేయండి మేడమ్. రెండు దినాల్నుంచి ఏడుపు వింటాండా. నాకు నొప్పి పాతది. ఆయప్పకు కొత్త."

"నీకు మామూలు మందులే మిగుల్తాయి. బాగా నొస్తుంది తిమ్మన్నా."

"నొయ్యనీలే."

ఆ సాయంత్రం శెట్టికి నడుమున్నట్టే తెలియలేదు. తెర అవతల తిమ్మన్న తువ్వాలు కరిచిపట్టి మూలుగుతున్నాడు. నర్సు వచ్చిపోయినప్పుడల్లా కాసేపు ఆగి, మళ్ళీ మొదలు.

శెట్టిని ఆ మూలుగు కంటే అనుమానం ఎక్కువ పొడిచింది. ఊరికే వచ్చిన సరుకులో పుచ్చుంటుంది.

"ఏం కావాలంటనో అడిగిరా పో," అని భార్య సుశీలమ్మను పంపాడు.

ఆమె తిరిగొచ్చింది. "ఏమీ వద్దంట."

"అట్ల ఎవరన్నా అంటారా? రేటు పెంచుతాండాడు."

మూడోనాడు తిమ్మన్నను ఇంటికి పొమ్మన్నారు. భార్య మారెక్క భుజం పట్టుకుని తెర దాటి వచ్చాడు. శెట్టి ఆ ముఖాన్ని తేరిపార చూశాడు. ఆనవాలు దొరకలేదు.

"ఏమప్పా, నన్ను ముందే ఎరుగుదువా?"

"ఎరగకేమి శెట్టీ. నా మొగమే మీకు తెలీదు."

నవ్వి, అటు తిరిగి నడిచాడు. మెడ ఎడమకు వాల్చి, మోకాళ్ళు ఎడంగా పెట్టి, ఏ బరువూ లేని వీపును ముందుకు వంచి.

శెట్టి మంచం అంచు పట్టుకుని లేవబోయాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

ముఖం తెలియదు గానీ ఆ వీపు ఆయనకు తెలుసు. పదకొండేళ్లు తన గోడౌను నుంచి లారీ దాకా, దబ్బనం దూరని బస్తాల కింద నడిచింది అదే.